పెరటి బల్ల: ఎంతసేపు కూర్చోగలమో తేల్చేది ఆ వంపే

ఇంట్లో చేసుకున్న తోట బల్లలు చాలావరకు చూడటానికి బాగుంటాయి, పావుగంట దాటి కూర్చోనివ్వవు. తప్పు కలపది కాదు, ఆకారానిది. కూర్చున్నప్పుడు బరువు ఎక్కువగా పిరుదుల కింది రెండు ఎముకలపైనే పడుతుంది. చదునైన పలక ఆ రెండు చోట్లే నొక్కుతుంది. కాస్త గుంట ఉంటే బరువు చుట్టూ సర్దుకుంటుంది.

పలకను బాడిసతో తొలచడం చేయి తిరిగిన వడ్రంగి పని. ఇంట్లో చేసుకునేవారికి సులువైన దారి వేరే ఉంది. కూర్చునే పట్టీలను మోసే అడ్డ చెక్కల పైఅంచునే వంపుగా కోయాలి. వెనక భాగంలో 15 నుంచి 20 మిల్లీమీటర్ల లోతు చాలు. వంపును అట్టపై ఒకసారి గీసి అన్ని చెక్కలకూ అదే వాడాలి, లేకపోతే పట్టీలు మెలిపడతాయి. పైన రెండంగుళాలు మించని పట్టీలు పొడవునా పరిస్తే గుంట దానంతటదే వస్తుంది. వెడల్పు పలకలు వంపులో ఒదగవు. గుంటలో వాననీరు నిలవకుండా పట్టీల మధ్య 6–8 మిల్లీమీటర్ల సందు వదలాలి.

ముందు అంచును చిత్రికతో గుండ్రం చేయాలి. పదునుగా వదిలేస్తే తొడల కింద ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఎత్తు 17 అంగుళాలు, లోపలికి 16 అంగుళాలు చాలామందికి సరిపోతాయి. పెద్దవాళ్లున్న ఇంట్లో మాత్రం ఎత్తు ఓ అంగుళం పెంచి, వెనక్కి వాలు తగ్గించడం మేలు. హాయిగా కూరుకుపోయే బల్ల నుంచి లేవడానికి మోకాళ్లు సహకరించవు మరి. స్క్రూలు బిగించకముందే వాళ్లను కూర్చోబెట్టి చూస్తే, వంపు సరిచేయడానికి ఇంకా వీలుంటుంది.