చిటికి వస్త్రాల తొలి ఉతుకు: రంగు నిలవడంలో ఉప్పు, నీరు, సబ్బుల పాత్ర

యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ప్రాంతాల నేతకారులు పోగులను ముందుగా ముడివేసి, రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గానికి ఎక్కిస్తారు. దీనినే స్థానికంగా చిటికి అనీ, బయట ఇక్కత్ అనీ పిలుస్తారు. గుజరాత్, రాజస్థాన్‌లలోని బాంధనీలో నేసిన బట్టను ముడివేస్తారు. చిటికిలో నేయక ముందే పోగును ముడివేస్తారు. తెల్లగా ఉంచదలచిన చోట సైకిల్ ట్యూబు నుండి కోసిన రబ్బరు పట్టీలను బిగించి కడతారు. ఒక రంగు వేసిన తర్వాత కొన్ని ముడులు విప్పి, మరికొన్ని వేసి, రెండవ రంగులో ముంచుతారు. పేక పోగును ఆసు పోయడానికే ఒక్కో చీరకు వేలసార్లు చేయి కదపవలసి వచ్చేది. ఈ శ్రమను తగ్గించే లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించిన చింతకింది మల్లేశంకు 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఇంత శ్రమతో తయారైన చీర కొనుగోలుదారుని ఇంట్లో మొదటి ఉతుకులోనే పాడయ్యే అవకాశం ఉంది. తెల్లని గళ్ళు గులాబీ రంగుకు మారినా, అంచుల గీతలు మసకబారినా ఆ ఇంటివారు మళ్ళీ చిటికి వస్త్రం కొనడానికి వెనుకాడతారు. నష్టం ఒక్క చీరతో ఆగక నేతకారుని ఉపాధి వరకు వెళ్తుంది. కనుక ఈ వస్త్రాల సంరక్షణను గృహవిజ్ఞాన విస్తరణలో ఒక ముఖ్యాంశంగా పరిగణించాలి.

చిటికి వస్త్రంలో సమస్య ఎందుకు ఎక్కువ?

ఒకే రంగు బట్టలో కొంత రంగు దిగితే బట్ట కాస్త వెలిసినట్లు కనిపిస్తుంది, అంతే. చిటికి వస్త్రంలో రంగు వేయని తెలుపు కూడా డిజైనులో భాగమే. పైగా ముదురు రంగు, తెలుపు ఒకే పోగుపై పక్కపక్కనే ఉంటాయి. పోగు నుండి విడిపోయిన రంగు నీటిలోకి వచ్చి మళ్ళీ తెల్లని భాగానికి అంటుకుంటుంది. బట్ట తడిగా ఉన్నంతసేపూ పోగు వెంట కూడా పాకుతుంది. కాబట్టి రంగు దిగడాన్ని, దిగిన రంగు అంటుకోవడాన్ని రెండు వేర్వేరు సమస్యలుగా చూడాలి.

రంగు పోగుకు ఎలా పట్టి ఉంటుంది?

* రియాక్టివ్ రంగులు: ఇవి నూలులోని సెల్యులోజుతో క్షార మాధ్యమంలో రసాయన బంధం ఏర్పరుస్తాయి. బంధం గట్టిదే. అయితే కొంత రంగు పోగుతో కాక నీటితో చర్య జరిపి, బంధం లేకుండా పోగులోనే మిగిలిపోతుంది. మొదటి ఉతుకుల్లో దిగేది ప్రధానంగా ఈ మిగులు రంగే.
* వ్యాట్, నాఫ్తాల్ రంగులు: నీటిలో కరగని రూపంలో పోగు లోపల నిలిచి ఉంటాయి. ఉతుకుకు బాగా తట్టుకుంటాయి. పైపైన అంటిన రంగు మాత్రం రాపిడికి పోతుంది. నీలిమందు వ్యాట్ తరగతికి చెందినదే.
* డైరెక్ట్ రంగులు: బలహీనమైన ఆకర్షణతో మాత్రమే నిలుస్తాయి. ప్రతి ఉతుకులోనూ కొంత దిగుతాయి. వాడుకలో కచ్చా రంగు అనేది ఎక్కువగా వీటినే.
* యాసిడ్ రంగులు: పట్టులోని ప్రోటీనుతో అయానిక బంధం ఏర్పరుస్తాయి. క్షార గుణమున్న సబ్బు తగిలితే ఈ బంధం సడలుతుంది.

ఉప్పు నీటిపై నమ్మకం

కొత్త రంగుబట్టను ముందుగా ఉప్పు నీటిలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలా ఇళ్ళలో నమ్మకం. అద్దకం తొట్టిలో ఉప్పు వాడే మాట నిజమే. నీటిలో కరిగిన రంగును పోగు వైపు నెట్టడమే అక్కడ దాని పని. రియాక్టివ్ రంగును పోగుతో బంధించేది మాత్రం ఆ తర్వాత కలిపే క్షారం. సిద్ధమైన బట్టను ఉప్పు నీటిలో ఉంచినంత మాత్రాన కొత్త బంధం ఏర్పడదు. మిగులు రంగు బయటికి రాకుండా తాత్కాలికంగా ఆగుతుంది. బయటికి వచ్చిన కొద్ది రంగును కూడా ఉప్పు పోగు వైపే నెడుతుంది. ఆ పోగు తెల్లనిదైతే మరక పడుతుంది. నీరు తేటగా కనిపిస్తుంది కాబట్టి రంగు నిలిచిందని గృహిణి భావిస్తుంది. చిటికి వస్త్రానికి ఈ పద్ధతి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

వెనిగర్ విషయమూ ఇంతే. యాసిడ్ రంగులు వేసిన పట్టుకు చివరి జాడింపులో అది కొంత ఉపయోగపడుతుంది. నూలు బట్టలోని రియాక్టివ్ రంగును అది నిలపలేదు.

ఉతికే ముందు పరీక్ష

చీర లోపలి కొంగు మూలలో, ప్రతి ముదురు రంగునూ విడివిడిగా పరీక్షించాలి. ఒకే చీరలోని ఎరుపు, నలుపు వేర్వేరు తరగతులకు చెందినవి కావచ్చు. కొద్దిగా డిటర్జెంట్ కలిపిన నీటితో ఆ చోటును తడిపి, తెల్లని నూలు గుడ్డల మధ్య 5 నిమిషాలు గట్టిగా అదిమి ఉంచాలి. గుడ్డకు రంగు అంటకపోతే చీరను ఇంట్లో నిర్భయంగా ఉతకవచ్చు. లేతగా అంటితే కింద చెప్పిన జాగ్రత్తలతో ఉతకాలి. ముదురుగా అంటితే డ్రై క్లీనింగ్‌కు ఇవ్వడమో, అమ్మిన సంఘం దృష్టికి తేవడమో మంచిది.

నూలు చిటికి వస్త్రాలు

1. తొలి మూడు, నాలుగు ఉతుకులు విడిగా చేయాలి. నానబెట్టకూడదు.
2. నీరు పుష్కలంగా ఉండాలి. అర కిలో బరువున్న చీరకు కనీసం 15 లీటర్ల చల్లని నీరు వాడాలి. నీరు ఎక్కువైన కొద్దీ దిగిన రంగు పలచబడి, తెలుపుకు అంటడం తగ్గుతుంది.
3. క్షార గుణం లేని ద్రవ డిటర్జెంట్ శ్రేష్ఠం. బోరు నీటి కఠినత్వం ఉన్న గ్రామాలలో సాధారణ సబ్బు తెట్టుకట్టి బట్టకు అంటుకుంటుంది.
4. బట్టను నీటిలో ఆడిస్తూ త్వరగా ఉతికి, నీరు తేటపడే వరకు జాడించాలి. రాతిపై బాదడం, బ్రష్‌తో రుద్దడం, మెలిపెట్టి పిండడం తగవు.
5. క్లోరిన్ బ్లీచింగ్ పౌడరు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు.

పట్టు చిటికి వస్త్రాలు

జరీ ఉన్నవాటికి, ఖరీదైన చీరలకు డ్రై క్లీనింగే తగినది. రంగు దిగదని పరీక్షలో తేలిన సాదా పట్టును ఇంట్లో ఉతకవచ్చు. సోడా, చవుడు, ఎంజైములున్న డిటర్జెంట్లు పట్టు పోగును దెబ్బతీస్తాయి. తటస్థ ఉదజని సూచిక గల ద్రవ డిటర్జెంట్ గానీ, కుంకుడుకాయ రసం గానీ వాడాలి. కుంకుడు రసాన్ని బాగా వడకట్టకపోతే తెల్లని భాగాలపై గోధుమ ఛాయ పడుతుంది. ఉతికిన తర్వాత తెల్లని తువ్వాలులో చుట్టి అదిమితే తడి త్వరగా పోతుంది.

సహజ రంగులు: తేలియా రుమాలు

చీరాలలో ప్రసిద్ధి పొంది, నేడు పుట్టపాకలో కొనసాగుతున్న తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. దీనికి వాడే నూలును నూనె, ఆముదపు కాయల బూడిదతో పలుమార్లు శుద్ధి చేస్తారు. పటికతో కలిసి ఎర్రని రంగు గట్టిగా పట్టడానికి ఈ శుద్ధి తోడ్పడుతుంది. రంగు పటుత్వం మగ్గం ఎక్కడానికి ముందే నిర్ణయమవుతుందనడానికి ఇదొక మంచి ఉదాహరణ. కొత్త రుమాలులో ఉండే నూనె వాసన ఉతికే కొద్దీ తగ్గుతుంది. దానిని పోగొట్టాలని సోడాతో ఉడికించకూడదు. సహజ రంగుల వస్త్రాలకు నిమ్మరసం, వెనిగర్, ఇనుప బకెట్ల తుప్పు తగలకుండా చూడాలి. ఇవి రంగు ఛాయను మారుస్తాయి.

ఆరబెట్టడం, ఇస్త్రీ, నిల్వ

తడి బట్టను మడతపెట్టి బకెట్‌లో వదిలేయడమే ఎక్కువ నష్టానికి కారణం. వెంటనే నీడపట్టున, గాలి తగిలేలా, పొరలు ఒకదానికొకటి తగలకుండా ఆరవేయాలి. ఇస్త్రీ తిరగవైపు చేయాలి. పట్టుకు వేడి 150 డిగ్రీల సెల్సియస్ దాటరాదు. నిల్వ చేసే నూలు చీరలకు గంజి పెట్టకూడదు, గంజికి పురుగులు చేరతాయి. ఉతికిన పలుచని నూలు గుడ్డలో చుట్టి, మూడు నెలలకొకసారి మడతలు మార్చాలి.

రంగు అంటుకుంటే

బట్టను ఆరనివ్వకూడదు, ఇస్త్రీ చేయకూడదు. తడిగా ఉండగానే డిటర్జెంట్ కలిపిన పుష్కలమైన నీటిలో వేసి, నీరు మారుస్తూ పలుమార్లు జాడించాలి. ఆరిన తర్వాత మరకను తొలగించడం చాలా కష్టం.

అద్దకం దశలో చేయవలసినది

గృహిణి ఎంత జాగ్రత్త వహించినా, అద్దకంలో జరిగిన లోపాన్ని పూర్తిగా సరిదిద్దలేదు. రియాక్టివ్ రంగు వేసిన నూలును ముందుగా చల్లని నీటితో, తర్వాత వేడి నీటితో జాడించి, లీటరుకు 1 నుండి 2 గ్రాముల సబ్బు కలిపిన, మరుగుకు దగ్గరగా ఉన్న నీటిలో 10 నుండి 15 నిమిషాలు ఉడికించాలి. జాడించిన నీరు తేటపడే వరకు దీనిని కొనసాగించాలి. వంటచెరకు, నీరు, సమయం ఆదా చేయడానికి ఈ దశను కుదించినప్పుడు మిగులు రంగు చీరతోపాటు కొనుగోలుదారుని ఇంటికి చేరుతుంది. వాడిన రంగు తరగతి, ఉతికే విధానం తెలుగులో ముద్రించిన చీటీని ప్రతి వస్త్రంతో జతచేయడం సంఘాలకు పెద్ద ఖర్చు కాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఒక చిన్న ప్రదర్శన ద్వారా ఈ విషయాన్ని గ్రామాలలో చూపవచ్చు. రంగు దిగే ఒకే నూలు బట్ట నుండి రెండు ముక్కలు కత్తిరించి, ఒక్కో ముక్కకు తెల్లని నూలు పట్టీ కుట్టాలి. ఒకదానిని మంచినీరున్న గాజు సీసాలో, రెండవదానిని ఉప్పు నీరున్న సీసాలో అరగంట ఉంచాలి. సీసాల్లోని నీటిని చూసి ముందుగా అభిప్రాయం చెప్పమనాలి. ఆ తర్వాత తెల్లని పట్టీలను బయటికి తీసి పక్కపక్కన పెట్టాలి. 1 నుండి 5 వరకు అంకెలున్న గ్రే స్కేలుతో మరకను కొలిచి విద్యార్థులు నమోదు చేయాలి. 5 అంటే మరక లేనట్లు, 1 అంటే అత్యధికంగా అంటినట్లు. డైరెక్ట్, రియాక్టివ్ రంగుల బట్టలతో ఈ ప్రదర్శన చేసినప్పుడు, తేటనీటిని నమ్మాలా, తెల్లని పట్టీని నమ్మాలా అన్నది గృహిణులు స్వయంగా తేల్చుకోగలుగుతారు.