బైబిలులో పొంతన కుదరని మాటలు

కోరాపుట్, రాయగడ ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న మన తెలుగువారిలో క్రైస్తవ కుటుంబములు కూడ వున్నవి. ఇంట్లో తెలుగు బైబిలు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, ఈ మూడింటి నడుమ పెరిగిన పిల్లలు ఒకనాడు తప్పక ఒక ప్రశ్న వేస్తారు. “దేవుని గ్రంథమంటారు గదా, ఒక చోట ఒకటి, మరొక చోట వేరొకటి వ్రాసి వున్నదేమి?” అని.

ఈ ప్రశ్నకు పెద్దలు సాధారణముగా రెండు విధముల జవాబు చెపుతారు. కొందరు, “వాక్యమును శంకించరాదు, ఊరుకో” అంటారు. మరి కొందరు ఎక్కడెక్కడి తర్కమో తెచ్చి, అతుకు కనబడకుండ అతికి, “భేదమే లేదు పో” అంటారు. మొదటి జవాబు విన్న పిల్లవాడు ప్రశ్నను మానడు, ఇంట్లో అడగడము మానుతాడు. రెండవ జవాబు విన్నవాడు, ఆ అతుకు ఊడిన నాడు, గ్రంథముతో పాటు పెద్దలను కూడ నమ్మడము మానుతాడు. కనుక ఈ విషయమును కొంచెము నిదానముగా విచారించుట మంచిదని మాకు తోచినది. రామాలయమునకు వెళ్ళే చదువరులు కూడ ఇది తమది కాదని పుట త్రిప్పివేయవద్దని మనవి. వారి సంగతి కూడ ఇందులో వస్తుంది.

ముందుగా ఈ గ్రంథము మన ఇండ్లకు ఏ దారిని వచ్చినదో చూతము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైన నాటి వరకు కోరాపుట్ ప్రాంతము మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్టణము జిల్లా ఏజన్సీలో భాగము. రాయగడ 1992 అక్టోబరు 2న వేరు జిల్లా అయినది. జర్మనీలోని బ్రెక్లుం అనే గ్రామములో 1876లో క్రిస్టియన్ జెన్సెన్ అనే పాస్టరు స్థాపించిన మిషను తరఫున పోల్, బోత్మాన్ అనే ఇద్దరు 1882లో ఈ వైపునకు వచ్చినారు. కోరాపుట్, జయపురములతో పాటు సాలూరు, పార్వతీపురములలో కూడ ఆ మిషను స్థావరములు వెలసినవి. దాని నుండియే 1928లో జయపురం ఎవాంజలికల్ లూథరన్ చర్చి ఏర్పడినది. తెలుగు బైబిలు అంతకంటె పాతది. 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషనరీ సొసైటీవారు క్రాన్, డెగ్రాంజెస్ అనేవారు ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో అనువాదమునకు పూనుకొన్నారు. వారిద్దరూ మరణించిన తరువాత, 1812లో, మూడు సువార్తలు కలకత్తా దగ్గరి సీరాంపూరులో అచ్చయినవి. ఒడియా బైబిలు కూడ ఆ కాలముననే ఆ అచ్చుకూటము నుండియే వెలువడినది. మన ఇండ్లలో పక్కపక్కన వుండే రెండు పుస్తకములు పుట్టిన చోటు ఒక్కటే నన్నమాట.

ఇంతకూ చెప్పవచ్చినదేమనగా, బైబిలు ఒక్కనాడు ఒక్కరు కూర్చుని వ్రాసిన పుస్తకము కాదు. అనేక శతాబ్దములలో అనేకులు హెబ్రీ, అరామిక్, గ్రీకు భాషలలో వ్రాసినది. అచ్చు యంత్రము వచ్చే వరకు చేతితో ఎత్తి వ్రాసుకొన్నది. ఆ తరువాత మన భాషలోనికి తెచ్చుకొన్నది. పొంతన కుదరని చోట్లన్నీ ఒకే జాతివి కావు. జ్వరమని రాగానే అందరికీ ఒకే మందు ఇవ్వరు గదా. ఏ చోటు ఏ జాతిదో తెలిస్తే సగము చిక్కు వీడుతుంది.

మొదటి జాతి, ఎత్తి వ్రాయుటలో వచ్చినవి. అహజ్యా అనే రాజు ఏలనారంభించినప్పుడు అతని వయస్సు 22 ఏండ్లని రాజుల రెండవ గ్రంథము 8వ అధ్యాయములో వున్నది. దినవృత్తాంతముల రెండవ గ్రంథము 22వ అధ్యాయములో హెబ్రీ ప్రతి ప్రకారము 42 ఏండ్లు. అతని తండ్రి యెహోరాము 32వ ఏట రాజై, 8 ఏండ్లు ఏలి చనిపోయినాడు. అనగా 40 ఏండ్లకు. 42 అన్న లెక్కే నిజమైతే కొడుకు తండ్రి కంటె రెండేండ్లు పెద్ద! ఇక్కడ అంకె ఎక్కడనో తారుమారైనదని ఒప్పుకొనుటలో భక్తికి వచ్చే లోటు ఏమీ లేదు. ప్రాచీన సిరియక్ అనువాదములో ఇక్కడ 22 అనే వున్నది. మనలో ఎందరికి బడి సర్టిఫికెట్టులో ఒక పుట్టిన తేదీ, ఓటరు కార్డులో వేరొకటి, ఆధార్ కార్డులో ఇంటిపేరు ఇంకొక విధముగా లేవు? తెలుగు పేరు ఒడియాలోకి ఎక్కి, అక్కడి నుండి ఇంగ్లీషులోకి దిగేసరికి ఏమవుతుందో ఈ జిల్లాలలోని తెలుగువారికి చెప్పనక్కరలేదు. అంతమాత్రమున ఆ మనిషి లేడని ఎవరూ అనరు.

రెండవ జాతి, భాష వలన వచ్చినవి. దమస్కు దారిలో పౌలుకు వెలుగు కనబడినప్పుడు, అతనితో వున్నవారు స్వరము విన్నారని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము చెపుతున్నది. వినలేదని 22వ అధ్యాయములో పౌలే చెపుతున్నాడు. గ్రీకులో ‘వినుట’ అనే క్రియ ఒక విభక్తితో వస్తే చప్పుడు చెవిని పడుట, మరొక విభక్తితో వస్తే మాట అర్థమగుట అని కొందరు పండితులు విడదీసినారు. ఆ భేదము ప్రతిచోటా నిలువదని మరి కొందరు అంటారు. ఏమైనా, తెలుగువారికి ఇది వింతగా తోచరాదు. “వాడు నా మాట వినడు” అని తల్లి అంటే, కొడుకుకు చెవుడని ఎవరూ అనుకోరు. ఇంకొక చిత్రము చూడండి. మన భాషలో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. గ్రీకులో రెండింటికీ ఒకే మాట. తుపానులో పడవ మీద శిష్యులు యేసును లేపి, నశించిపోతున్నామని మొర పెట్టుకొన్నప్పుడు, ఆ నశించేవారిలో ఆయనను కలుపుకొన్నారా, లేదా? గ్రీకులో వ్రాసినవానికి ఈ చిక్కు లేదు, తెలుగు చేసినవానికి తప్పదు. అనువాదము ఒక్కొక్కసారి మూలములో లేని ప్రశ్నను కూడ పుట్టిస్తుంది.

మూడవ జాతి, సాక్షుల భేదము. ఆదివారము ఉదయము సమాధి దగ్గర మత్తయిలో ఒక దేవదూత, మార్కులో తెల్లని బట్టలు తొడుగుకొన్న ఒక పడుచువాడు, లూకాలో ఇద్దరు మనుష్యులు, యోహానులో ఇద్దరు దూతలు. సిలువ మీద వ్రాయించిన పలక మాటలు కూడ నాలుగు సువార్తలలో నాలుగు విధములుగా వున్నవి. ‘యూదుల రాజు’ అన్నది మాత్రము నాలుగింటిలోను వున్నది. ఆ పలక హెబ్రీ, లాటిను, గ్రీకు భాషలలో వున్నదని యోహాను చెపుతున్నాడు. మూడు భాషల బోర్డుల క్రింద నిత్యము తిరిగే మనకు ఇది తెలియని సంగతి కాదు. ఇక్కడ గమనించవలసినది, నలుగురు చెప్పినదానిలో భేదము వున్నంత మాత్రమున సంఘటన అబద్ధము కాదు. నలుగురు సాక్షులు పొల్లు పోకుండ ఒకే మాట వల్లిస్తే, కోర్టులో ప్లీడరు ముందుగా అనుమానించేది అదే. అట్లని, భేదము వున్నది కనుకనే నిజమని కూడ అనరాదు. ఒక్కొక్క మాటను దాని బరువును బట్టి తూచవలసినదే.

నాలుగవ జాతి, తెలిసి వ్రాసినవి. మూర్ఖునికి వాని మూర్ఖత్వము చొప్పున జవాబు ఇవ్వవద్దని సామెతల గ్రంథము 26వ అధ్యాయము 4వ వచనము. ఇవ్వుమని 5వ వచనము. ఇది పొరపాటు కాదని ఎవరికైనా తెలుస్తుంది. ప్రక్క వాక్యములోనే మరచిపోయేవారెవరూ వుండరు. రెండూ నిజమే, ఏది ఎప్పుడు అన్నది వినేవాని వివేకము. మన ముసలమ్మలు “నిదానమే ప్రధానము” అన్న నోటితోనే “ఆలస్యము అమృతము విషము” అనలేదా? ఆ రెండు సామెతలను ఎదురెదురుగా నిలిపి తగవు పెట్టిన తెలుగువాడు లేడు.

ఐదవ జాతి, దృష్టి భేదము. దావీదు జనసంఖ్య లెక్కపెట్టించుటకు ప్రేరేపించినది దేవుని కోపమని సమూయేలు రెండవ గ్రంథము 24వ అధ్యాయము, సాతాను అని దినవృత్తాంతముల మొదటి గ్రంథము 21వ అధ్యాయము చెపుతున్నవి. దేవుడు అనుమతించగా సాతాను చేసినాడని చాలమంది సర్దుతారు. దినవృత్తాంతములు బబులోను చెర తరువాత వ్రాసినవనీ, ఆనాటికి కీడును దేవునికి అంటగట్టుటకు మనస్సు ఒప్పుకొనలేదనీ మరి కొందరు చెపుతారు. రెండవది నిజమైతే, ఇక్కడ మనము చూచేది వైరుధ్యము కాదు, ఒక జాతి తన దేవుని గురించి ఆలోచించుకొంటూ వచ్చిన దారి.

లూథరన్ సంఘమువారికి మాత్రము వీటన్నిటికంటె పెద్ద చిక్కు ఒకటి వున్నది. మనుష్యుడు ధర్మశాస్త్ర క్రియలు లేకుండ విశ్వాసము వలననే నీతిమంతుడవుతాడని పౌలు రోమా పత్రికలో అంటాడు. విశ్వాసము మాత్రమున కాదు, క్రియల వలననని యాకోబు తన పత్రికలో అంటాడు. ఇద్దరూ అబ్రాహామునే సాక్షికి పిలుస్తారు. ఆ లూథరే ఈ ముడి దగ్గర తొట్రుపడినాడు. 1522లో తన జర్మను క్రొత్త నిబంధన పీఠికలో యాకోబు పత్రికను గడ్డితో పోల్చినాడు. పౌలునూ యాకోబునూ పొసగించినవానికి తన డాక్టరు టోపీ ఇస్తానని భోజనాల బల్ల దగ్గర అన్నాడట. గడ్డి అన్న మాటను తరువాతి ముద్రణలలో తీసివేసినాడు కాని, పత్రికను బైబిలులో నుండి తీసివేయలేదు. దానిని మన చదువరులు గమనించవలెను. తనకు కొరుకుడు పడనిదానిని పారవేయక, అచ్చు వేసి జనము చేతిలో పెట్టినాడు.

మా మట్టుకు, ఆ ఇద్దరూ ఎవరితో మాట్లాడుతున్నారో చూస్తే చాలవరకు తేట పడుతుంది. సున్నతి మొదలైన ఆచారములు పాటిస్తేనే దేవుని దగ్గర చోటు అనేవారితో పౌలు మాట్లాడుతున్నాడు. బట్టలేనివానిని, తిండిలేనివానిని చూచి, “సుఖముగా వెళ్ళిరా” అని మాటతో సాగనంపేవారితో యాకోబు మాట్లాడుతున్నాడు. అహంకారికి ఒక మందు, సోమరికి ఒక మందు.

ఇంత చెప్పినా లొంగనివి కొన్ని మిగులుతవి. యూదా ఇస్కరియోతు ఉరిపెట్టుకొన్నాడని మత్తయి, తలక్రిందులుగా పడి నడిమికి బద్దలైనాడని అపొస్తలుల కార్యములు. పొలము కొన్నది మత్తయిలో యాజకులు, రెండవ దానిలో యూదా. యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ. ఉరిత్రాడు తెగి పడినాడని, ఒక వంశావళి మరియమ్మదని చెప్పేవారున్నారు. అవి వూహలు. వూహ అని చెప్పి చెప్పినంతవరకు తప్పు లేదు. వాక్యమే అట్లా వున్నదని చెప్పకూడదు.

ఈ భేదములు నేటి కాలేజీ కుర్రవాడు కనిపెట్టినవి కావు. దాదాపు 170 ప్రాంతమున తాతియాను అనే సిరియా దేశస్థుడు నాలుగు సువార్తలను కలిపి ఒకే కథగా కూర్చినాడు. సిరియక్ సంఘములలో అది చాలకాలము చెల్లినది. ఐదవ శతాబ్దములో థియొడొరేతు అనే బిషప్పు తన పరగణాలో 200కు పైగా వున్న ఆ ప్రతులను తీసివేయించి, నాలుగు సువార్తలను తిరిగి పెట్టించినాడు. పొంతన కుదిరిన ఒక్క పుస్తకము చేతిలో వుండగా, పొంతన కుదరని నాలుగింటిని పెద్దలు ఎంచుకొన్నారన్నమాట.

రామాలయము చదువరులకు ఇస్తామన్న వాటా ఇది. మన ఇండ్లలో కవిత్రయ భారతమూ వున్నది, ఇరుగుపొరుగు వలన సరళా దాసు ఒడియా మహాభారతమూ తెలిసినది. తొమ్మిది జంతువుల రూపమైన నవగుంజరము సరళా దాసులోనే గాని వ్యాసునిలో లేదు. అయినా పూరీ పటచిత్రములో దానిని చూచి మనము చేతులు జోడిస్తాము. రెండు విషయములు అచ్చముగా ఒకటని మా భావము కాదు. సువార్తలు జరిగిన సంగతిని సాక్ష్యము చెపుతున్నామంటవి, ఆ కావ్యములు కథను తిరిగి చెప్పుకొంటవి. కాని ఒక పెద్ద గ్రంథమును పలు గొంతులలో వినే అలవాటు తెలుగువానికి, అందులోను ఒడిశాలోని తెలుగువానికి, కొత్త కాదు.

ఇది పండితుల కాలక్షేపము మాత్రమే అయితే ఇంత దూరము వ్రాయవలసిన పని లేదు. ఒక్క వచనము పట్టుకొని తక్కినవి విడిచిపెడితే ఇంట్లో మనుష్యులకు హాని కలుగుతుంది. రోగికి నూనె రాచి ప్రార్థించమని యాకోబు వ్రాసినాడని ఆసుపత్రి మానుకొనే వారున్నారు. ఆ బైబిలులోనే లూకా వైద్యుడు, పౌలు తిమోతికి కడుపు జబ్బుకు మందుగా కొంచెము ద్రాక్షారసము చెపుతాడు. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో డాక్టరు ఎలిజబెత్ మాడ్సెన్ క్రైస్తవ ఆసుపత్రి పెట్టినది ఈ రెండింటినీ కలిపి చదివే గదా! ఈ కొండలలో మలేరియా జ్వరమును ఒక్క వచనముతో ఎదుర్కొనలేము. అట్లే స్త్రీలు సంఘములో మౌనముగా వుండవలెనని కొరింథీయుల మొదటి పత్రిక 14వ అధ్యాయము చూపి ఆడపిల్ల నోరు మూయించేవారు, ఆ పత్రికలోనే 11వ అధ్యాయములో స్త్రీలు ప్రార్థించుట, ప్రవచించుట మామూలు సంగతిగా చెప్పబడినదని చూడరు.

కనుక పిల్లలు అడిగినప్పుడు మూడు సంగతులు చూడమని మా సలహా. ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అన్నారు? తెలుగులోను, ఒడియాలోను, ఇంగ్లీషులోను ఎట్లా వున్నది? దానికి ఎదురుగా నిలిచే మాట గ్రంథములో మరెక్కడ వున్నది? మూడు బైబిళ్ళూ బల్ల మీద పెట్టి, అడిగినవాని చేతనే చదివించండి. జవాబు దొరికితే సంతోషము. దొరకకపోతే, ఇది మాకు కూడ తెలియదని చెప్పి, గుర్తుగా ఒక కాగితము ముక్క పెట్టి పుస్తకము మూయండి. మళ్ళీ వచ్చే ఆదివారము అక్కడి నుండే తెరువవచ్చును.