ఆవిరి రైలు వదిలే తెల్లటి మేఘం పొగ కాదు.. మరి ఫొటోలో అది చక్కగా పడాలంటే?

క్రిస్మస్ సెలవుల్లో డార్జిలింగ్ స్టేషన్ నుంచి ఆవిరి రైలు బయలుదేరే వేళ ప్రయాణికుల ముఖాల కన్నా పైకెత్తిన ఫోన్లే ఎక్కువగా కనిపిస్తాయి. చిన్న ఇంజిన్ ఒక్కసారి బుస్సుమనగానే తెల్లటి మేఘం కమ్ముకుంటుంది. అందరూ ఒకేసారి బటన్ నొక్కుతారు. క్రిస్మస్ మరునాటి ఉదయం ఆ గుంపులో నేనూ ఉన్నాను. తీసిన తొలి నలభై ఫొటోల్లో ముప్పైకి పైగా తెల్లటి ముద్దలే. ఇంజిన్ ఆ మేఘం వెనకే ఉండిపోయింది.

సాయంత్రానికి మాత్రం దాచుకోదగిన చిత్రాలు కొన్ని దక్కాయి. ఈలోగా నేను కెమెరా మార్చలేదు. ఆ మేఘం ఏమిటో, ఎప్పుడు, ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకున్నాను, అంతే.

పేరులోనే పొరపాటు

రైలును తెలుగులో పొగబండి అన్నాం. పండితులు ధూమశకటం అన్నారు. రెండు పేర్లూ కంటికి కనిపించినదాన్ని బట్టి పుట్టినవే. కానీ ఇంజిన్ చుట్టూ తెల్లగా కనిపించే భాగం పొగ కాదు. నిజానికి అది ఆవిరి కూడా కాదు. ఆవిరి కంటికి కనిపించదు. బయటి చల్లగాలి తగలగానే అది చల్లబడి అతి సూక్ష్మమైన నీటి బిందువులుగా మారుతుంది. మనం చూసే తెలుపు ఆ బిందువులదే.

వంటింట్లో కుక్కర్ విజిల్ వేసినప్పుడు జాగ్రత్తగా గమనిస్తే ఇది తెలుస్తుంది. రంధ్రానికి ఆనుకుని కొద్దిమేర ఏమీ కనిపించదు, తెల్లటి ధార ఆ పైన మొదలవుతుంది. చలికాలంలో మన ఊపిరి కనిపించడానికీ కారణం ఇదే. గాలి ఎంత చల్లగా ఉంటే మేఘం అంత దట్టంగా ఏర్పడి, అంత ఎక్కువసేపు నిలుస్తుంది. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న డార్జిలింగ్‌కు ఫొటోగ్రాఫర్లు డిసెంబరులో తరలిరావడానికి ఇదొక కారణం. అదే ఇంజిన్ మధ్యాహ్నపు ఎండలో నడిస్తే మేఘం పలచబడి త్వరగా కరిగిపోతుంది.

ఎక్కే రైలు, దిగే రైలు

ఇప్పుడు న్యూ జల్పాయ్‌గుడి నుంచి డార్జిలింగ్ వరకు సుమారు 88 కిలోమీటర్లు సాగే ఈ మార్గం 1881లో డార్జిలింగ్ చేరింది. పట్టాల మధ్య దూరం రెండడుగులే. 1999లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఈ దూరమంతా నడిచే రోజువారీ రైలును సాధారణంగా డీజిల్ ఇంజిన్ లాగుతుంది. ఆవిరి ఇంజిన్ ఎక్కువగా డార్జిలింగ్, ఘూమ్ మధ్య తిరిగే 'జాయ్ రైడ్'లలో కనిపిస్తుంది. వీటిలోనూ డీజిల్‌తో నడిచేవి ఉన్నాయి కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే ఏ ఇంజినో చూసుకోవాలి.

కొండ రైలు అనగానే చివరి స్టేషనే అన్నిటికన్నా ఎత్తున ఉంటుందనుకుంటాం. ఇక్కడ అలా కాదు. ఘూమ్ 2,258 మీటర్ల ఎత్తున ఉంది, డార్జిలింగ్ దానికన్నా దిగువన ఉంది. అంటే జాయ్ రైడ్ వెళ్లేటప్పుడు ఎక్కుతుంది, తిరిగి వచ్చేటప్పుడు దిగుతుంది. దిగువకు వస్తున్న ఇంజిన్‌కు ఆవిరితో పెద్దగా పని ఉండదు. మేఘమూ ఉండదు, చప్పుడూ తక్కువే. మేఘంతో కూడిన చిత్రం కావాలంటే ఘూమ్ వైపు వెళ్తున్న రైలునే పట్టుకోవాలి.

ఎక్కుడులో ఇంజిన్ గట్టిగా ఊపిరి తీయడానికీ ఒక కారణం ఉంది. పిస్టన్లను తోసిన ఆవిరి పొగగొట్టం గుండా వేగంగా బయటికి పోతూ నిప్పుగూడులోని వేడి వాయువులను తనతోపాటు లాక్కుపోతుంది. దాంతో బొగ్గుకు కొత్త గాలి అంది మంట పెరుగుతుంది. ఇంజిన్ ఎంత కష్టపడితే మంటకు అంత గాలి అందుతుంది. 'ఛక్ ఛక్' అని మనం వినే శబ్దం ఈ ఊపిరే.

తెల్లటి ముద్దల రహస్యం

స్టేషన్‌లో నా ఫొటోలు చెడిపోవడానికి కారణం పొగగొట్టం కాదు. ఆగి ఉన్న ఇంజిన్ సిలిండర్లలో కొంత ఆవిరి చల్లబడి నీరవుతుంది. కదిలేటప్పుడు ఆ నీరు లోపలే ఉంటే సిలిండర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే డ్రైవర్ అడుగునున్న చిన్న కుళాయిలను తెరిచి, నీటితోపాటు కొంత ఆవిరినీ పక్కలకు వదులుతాడు. దగ్గరగా నిలబడినవారికి కనిపించేది ఆ తెల్లటి గోడే. కొంత దూరం సాగాక కుళాయిలు మూసేస్తారు. మేఘం పైకి మాత్రమే లేస్తుంది, ఇంజిన్ స్పష్టంగా కనిపిస్తుంది.

అందుకే మధ్యాహ్నపు రైలుకు స్టేషన్‌లో కాకుండా బతాసియా లూప్ దగ్గర, రైలు ఆగే చోటుకు కొంత ఎగువన నిలబడ్డాను. ఎక్కుడు తీవ్రతను తగ్గించడానికి 1919లో నిర్మించిన ఈ మెలికలో రైలు తన మార్గాన్నే దాటుతూ చుట్టు తిరుగుతుంది. మధ్యలో గూర్ఖా సైనికుల స్మారకం ఉంది. పక్కనున్న ప్రార్థనా పతాకాలను చూస్తే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. గాలి వచ్చే వైపు నిలబడితే మేఘం మన మీదికి రాదు. శీతాకాలపు సూర్యుడు దక్షిణాన కిందుగా ఉంటాడు. ఆ వెలుగు మేఘం వెనక నుంచి పడితే అంచులు మెరుస్తాయి. తెల్లదనం ఎక్కువైతే కెమెరా మొత్తం చిత్రాన్ని చీకటి చేస్తుంది. కాబట్టి ఫోన్‌లో మేఘం మీద కాక ఇంజిన్ మీద వేలుంచి వెలుగును సరిచూసుకోవాలి.

నల్లటి పొగ ఎవరికి?

ఉదయం కొందరు యువకులు నల్లటి పొగ వదలమని ఇంజిన్ సిబ్బందికి కేకలు వేశారు. నేనూ గొంతు కలిపాను. కొద్దిసేపటికి నిజంగానే నల్లటి పొగ లేచింది. పట్టాల పక్కనే ఉన్న ఒక ఇంటి కిటికీ వెంటనే మూసుకుంది. ఆరేసిన బట్టలను ఎవరో గబగబా లోపలికి లాక్కున్నారు. ఆ తర్వాత నేను నోరు తెరవలేదు.

నలుపు బొగ్గు పూర్తిగా కాలకపోవడానికి గుర్తు. తాజా బొగ్గు వేసినప్పుడు కొంత తప్పదు, కానీ అది వృథా అయిన ఇంధనం. మంచి ఫైర్‌మన్ పనితనం పొగ తక్కువగా ఉండటంలోనే తెలుస్తుంది. మనకు అది సెలవుల్లో ఒక్క ఫొటో. ఆ ఇంటివారు మాత్రం ఏడాది పొడవునా ఆ గాలే పీల్చాలి.

పట్టాలు రోడ్డును ఆనుకుని సాగుతాయి, రైలు నెమ్మదిగా వస్తుంది. అందుకే చాలామంది పట్టాల మీదికి వెళ్లి సెల్ఫీలు తీసుకుంటారు. కానీ ఇంజిన్, పెట్టెలు పట్టాల కన్నా చాలా వెడల్పుగా ఉంటాయి. పట్టాల పక్కన నిలబడితే చాలనుకోవడం ప్రమాదకరం. అనుమతి లేకుండా రైలు మార్గంలోకి వెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

ఫొటోలో ఉండాల్సినవారు

ఈ మార్గంలోని 'బి' తరగతి ఇంజిన్ల తయారీ 1889లో గ్లాస్గోలో మొదలైంది. చిత్తరంజన్ కర్మాగారం ఆవిరి ఇంజిన్ల తయారీని 1972లోనే ముగించింది. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి రైళ్ల రోజువారీ సేవలు 1995లో ఆగిపోయాయి. కాబట్టి వీటి విడిభాగాలు బజారులో దొరకవు. ఈ మార్గానికి చెందిన తింధారియా వర్క్‌షాప్ వంటి చోట్ల వాటిని మరమ్మతు చేయాలి, అవసరమైతే తయారుచేయాలి. బాయిలర్‌లో చదరపు అంగుళానికి 140 పౌండ్ల పీడనాన్ని అదుపులో ఉంచే నేర్పు పుస్తకంతోనే రాదు. ఒకరి పక్కన నిలబడి మరొకరు నేర్చుకోవాల్సిందే. ఇంజిన్‌ను అద్దాల గదిలో దాచవచ్చు, ఆ నేర్పును దాచలేం. నడుస్తున్నంత కాలమే అది బతుకుతుంది.

సాయంత్రం ఐదు గంటలకల్లా కొండల వెనక సూర్యుడు దిగిపోయాడు. ఆ రోజు నేను దాచుకున్న చిత్రాల్లో మొదటిదానిలో మేఘం ఒక మూలకు మాత్రమే ఉంది. మధ్యలో మసి పట్టిన చేతులతో పార పట్టుకుని, మంట రంగును చూస్తున్న ఫైర్‌మన్ ఉన్నాడు.