విశాఖ తీరమున వేసవి తోట

చైత్ర వైశాఖ మాసములలో విశాఖపట్టణపు వీధులలో నడచువానికి చెమట ఆరదు. గాలిలో అంత తేమ ఉండును. అయినను ఆ వీధులలోని పెరళ్ళలో మొక్కలు నీరులేక వాడిపోవుచుండును. తేమగాలి నడుమనున్న మొక్కకు దాహమెందుకు?

సమాధానము నేలలో కలదు. మొక్క తనకు కావలసిన నీటిని ముఖ్యముగా వేళ్ళతోనే గ్రహించును. గాలిలోని తేమ దాని దాహము తీర్చజాలదు. ఇచ్చట ఏటా పడు సుమారు 1,000 మిల్లీమీటర్ల వర్షములో అధికభాగము జూన్, నవంబరు నెలల మధ్యనే కురియును. పిమ్మట నేల ఎండుట ప్రారంభించును. కొండల దిగువనున్న ఎఱ్ఱనేలలలో కుళ్ళిన ఆకుల సారము తక్కువ. పడిన నీరు త్వరగా జారిపోవును. వీనికి తోడు సముద్రపుగాలి మోసికొనివచ్చు ఉప్పు ఆకులపై చేరి, అంచులను మాడ్చును.

ఈ కష్టములను కొన్ని మొక్కలు తమంతట తామే జయించినవి. సరుగుడుచెట్టు ఆకులు చిన్న పొలుసులుగా కుదించుకొనిపోయినవి. దాని పచ్చని సన్నని రెమ్మలే ఆహారము తయారుచేయును. గన్నేరు ఆకు అడుగున శ్వాసరంధ్రములు నూగుతో నిండిన గుంటలలో దాగియుండుటచే వడగాలి వానికి సూటిగా తగలదు. కలబంద రాత్రివేళ రంధ్రములు తెరచి, బొగ్గుపులుసు వాయువును ఆమ్లరూపమున దాచుకొని, పగలు తలుపులు మూసి, ఆ నిల్వను ఎండ వెలుతురులో వాడుకొనును. కాగితపుపూల తీగకైతే నీరెక్కువైనచో ఆకులు పెరిగి పూలు తగ్గును.

తోటమాలి చేయవలసిన పని కొంత కలదు. తొలకరిలో నాటిన మొక్క వేసవి వచ్చులోగా వేళ్ళూనుకొనును. గుంటలో చెరువుమట్టి, పశువులయెరువు కలిపినచో నేల నీటిని పట్టియుంచును. మొదలు చుట్టును ఎండుటాకులుగాని కొబ్బరిపీచుగాని పరచినచో ఎండ నేలకు తగలక, తేమ ఆవిరియగుట తగ్గును. నీరు తెల్లవారుజామునగాని సాయంకాలమునగాని పోయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. వేళ్ళూనిన చెట్లకు దినదినము చెంబెడు నీరు చిలకరించుట కంటె, కొన్ని దినముల కొకసారి లోతుగా తడుపుట మేలు. తడి ఎచ్చట నిలుచునో వేళ్ళు అచ్చటనే పెరుగును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరము దాటినప్పుడు నగరమున వేలకొలది చెట్లు కూలినవి. అంతటి గాలికి చెట్లు పడుటకు కారణము లనేకము. అయినను వేళ్ళు పైపైననే పాకిన చెట్టు సులభముగా ఒరుగునను మాట మరువరాదు. వేసవిలో లోతుగా పోసిన నీరు దాహము తీర్చుటయే గాక, గాలివాననాడు చెట్టును నిలుపుటకును తోడ్పడును.