అట్ట విలువ, పుస్తకం విలువ

పాత ఫ్రెంచి బొమ్మల పుస్తకాలను తోలు అట్టలకోసం, బంగారపు నగిషీకోసం సేకరించేవారిని చూసి, ఇది డబ్బున్నవాళ్ల సరదా అని మనలో చాలామంది తీసిపారేస్తారు. సరదా అనడంలో అబద్ధం లేదు. కాని చర్చ అక్కడితో ముగిస్తే, ఆ పుస్తకాలలో మన గోదావరి తీరానికున్న వాటా కంటపడకుండా పోతుంది. అందుకని ముందు ఆ వస్తువు తయారైన తీరు వివరిస్తాను.

18వ శతాబ్దపు ఫ్రాన్సులో పుస్తకం తరచు విడి ఫారాలుగానో, పలుచని కాగితపు అట్టతోనో అమ్ముడయ్యేది. కొన్నవాడు దాన్ని బైండరుకిచ్చి తన తాహతుకు తగ్గ తోలు వేయించుకునేవాడు. దొర అయితే మేకతోలు మీద తన వంశముద్రను బంగారు రేకుతో అద్దించుకునేవాడు. అంటే, లోపలి మాట రచయితది, పై అట్ట యజమానిది. బొమ్మలను రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసేవారు. తీసినకొద్దీ రేకు అరిగి గీతలు మసకబారతాయి. సేకర్తలు తొలి అచ్చులకోసం వెతకడానికి కారణమిదే.

ఈ సొగసుకు పెట్టుబడి ఎక్కడిది? 1762లో లా ఫొంతేన్ పద్యకథలకు ఐజెన్ బొమ్మలతో ఒక ముద్రణ వచ్చింది. సేకర్తలు ఈనాటికీ దాన్ని ‘ఫెర్మియే జెనెరో’ల ముద్రణ అనే పిలుస్తారు. వాళ్లు రాజు దగ్గర పన్నుల వసూలును ఇజారాకు తీసుకున్నవాళ్లు. ఉప్పు మీద, పొగాకు మీద ప్రజలనుంచి పిండిన సొమ్ములో కొంత ఆ బొమ్మలయింది. 1794లో ఆ ఇజారాదారులలో పలువురిని, శాస్త్రవేత్త లవోయిజే సహా, గిలొటిన్ ఎక్కించారు. విప్లవం మఠాల గ్రంథాలను, దేశం విడిచిన దొరల గ్రంథాలను జాతిపరం చేసింది. ఫ్రాన్సు ప్రజా గ్రంథాలయాలలోని మేలిప్రతులు అనేకం అలా చేరినవే.

ఇక మన వాటా. 1782లో పారిస్‌లో సొన్నెరా రాసిన ఇండియా, చైనా యాత్రాగ్రంథం రెండు సంపుటాలుగా, 140 బొమ్మలతో వెలువడింది. మన దేవతలు, పక్షులు, చేతిపనులవారు అందులో ఉన్నారు. ఆ సొన్నెరాయే తరువాత యానాంలో ఫ్రెంచి అధికారిగా పనిచేశాడు. యానాం 1954లో విముక్తమైంది. మన కష్టజీవుల రూపాలు పారిస్ దొరల బీరువాలకెక్కాయి. అలాంటి కష్టజీవులకు మాత్రం ఆ పుస్తకం కొనే శక్తీ లేదు, చదివే భాషా లేదు.

మరొక వాటా తోలులో ఉంది. 19వ శతాబ్దంలో తంగేడు చెక్కతో పదును చేసిన మేక, గొర్రె తోళ్లు మద్రాసు రేవునుంచి ఐరోపాకు విస్తారంగా ఎగుమతయ్యాయి. చవక బైండింగులకు వాటిని వాడారు. ఆ తోలు త్వరలోనే పొడిపొడిగా రాలిపోతోందని, సుమాక్ ఆకుతో పదును చేసినది నిలుస్తోందని లండన్‌లో 1900లో ఏర్పడిన ఒక విచారణ సంఘం తేల్చింది. లోపం పనివాడిది కాదు. తంగేడు చెక్కలోని టానిన్ ఆ నగరాల గ్యాసుదీపాల ఆవిరికి ఆగలేదు. దొరల అట్ట నిలిచింది, సామాన్యుడి అట్ట రాలింది.

మరి సేకరణను తిరస్కరించాలా? అక్కరలేదంటాను. ఈనాడు కొందరు వ్యాపారులు పాత పుస్తకాల కుట్టు విప్పి, బొమ్మలను విడివిడిగా ఫ్రేములకు అమ్ముకుంటున్నారు. ఆ మేరకు పుస్తకాన్ని నిండుగా కాపాడే సేకర్త మేలు చేస్తున్నట్టే. కాని బీరువా తాళం ఒక్కరి చేతిలో ఉన్నంతకాలం ఆ మేలు సగమే. పారిస్ జాతీయ గ్రంథాలయం తన పాత గ్రంథాలను లక్షలాదిగా ‘గాలికా’ ద్వారా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తోంది. నాళం కృష్ణారావు 1898లో రాజమండ్రిలో గ్రంథాలయానికి పునాది వేసింది పుస్తకం పదిమంది చేతుల్లో పడాలనే. మన గోదావరి జిల్లాల గ్రంథాలయాలు సొన్నెరా బొమ్మలను సంపాదించి, తెలుగు వివరణలతో యానాంలోనూ రాజమండ్రిలోనూ ప్రదర్శించాలి. అవి ఎవరి శ్రమను చూపుతున్నాయో, ఆ శ్రమజీవుల వారసులు వచ్చి చూడాలి.