ఒకే ఆజ్ఞ – అనేక మాత్రికలు

ఆక్లండ్ నగరానికి ఆగ్నేయ దిశన ఉన్న ఫ్లాట్ బుష్‌లో పెరిగే తెలుగు పిల్లలు గణాంక శాస్త్రం చదవబూనితే, వారు అభ్యసించే ‘ఆర్’ అనే కంప్యూటర్ భాష పొరుగున పుట్టినదే. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దానికి రూపకల్పన చేసి, 1995లో స్వేచ్ఛగా వాడుకొనేందుకు లోకానికి విడుదల చేశారు.

ఈ శాస్త్రంలో ఒక మాత్రికతో పని తీరడం అరుదు. మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1946–48 మధ్య కేంబ్రిడ్జిలో, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాలలో లభించిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించారు. జనసమూహాలను అలా పోల్చాలంటే ఒక్కొక్క సమూహానికి ఒక్కొక్క కొలతల పట్టిక ఉంటుంది. ప్రతి పట్టికకూ అదే లెక్క చేయాలి.

ఇప్పుడు ఆ శ్రమ కంప్యూటరుది. అయినా కొత్తగా నేర్చేవారు పన్నెండు మాత్రికలుంటే పన్నెండు పంక్తులు వ్రాస్తారు. ఒక పంక్తిని చూచి మరొకటి దింపేటప్పుడు ఏడవదానిలో పేరు మార్చడం మరచితే యంత్రం ఆక్షేపించదు. జవాబు వస్తుంది, అది తప్పు. ఎవరికీ తెలియదు. అసలు ప్రమాదం ఇదే.

దీనికి ఉపాయం, మాత్రికలన్నిటినీ ‘లిస్ట్’గా కూర్చి, ‘ఎల్‌అప్లై’ అనే ప్రమేయానికి అప్పగించడం. చేయవలసిన క్రియను, ఉదాహరణకు విలోమం కనుగొనడాన్ని, ఒక్కసారి చెబితే చాలు. లిస్ట్ మన పోపుల డబ్బా వంటిది. ఆవాలు, జీలకర్ర, మెంతులు దేని గిన్నెలో అవి ఉంటాయి. లిస్ట్‌కు బదులు ‘సి’ అనే ప్రమేయంతో కలిపితే అన్నీ ఒకే గిన్నెలో పోసినట్లే. మాత్రికల ఆకృతి చెరిగి, వట్టి సంఖ్యల వరుస మిగులుతుంది.

‘ఎస్‌అప్లై’ అనే సోదర ప్రమేయం ఫలితాలను ఒకే పట్టికగా సర్ది ఇస్తుంది. సౌకర్యమే గాని, మూడు వరుసలు, మూడు నిలువు వరుసలు గల విలోమ మాత్రిక ప్రతిదీ అందులో 9 సంఖ్యల నిలువు వరుసగా మారిపోతుంది. మాత్రికలు మాత్రికలుగానే కావాలంటే ఎల్‌అప్లై మేలు.

ఇంకొక చిక్కు ఉంది. నిర్ధారకం సున్న అయిన మాత్రికకు విలోమం లేదు. అటువంటిది ఒక్కటి తగిలినా పని మొత్తం ఆగి, అంతవరకు వచ్చిన ఫలితాలు కూడా దక్కవు. క్రియను ‘ట్రైక్యాచ్’లో పొదిగితే దోషమున్నచోట ఖాళీ గుర్తు ఉంచి మిగిలినవి పూర్తిచేయవచ్చు. లిస్ట్‌లో ప్రతి మాత్రికకు ముందుగా పేరు పెడితే ఆ పేరే ఫలితానికీ వస్తుంది. ఆగినది ఏ సమూహపు మాత్రికో వెదకనక్కరలేదు.