పెట్టె ఖరీదైతే పాట తియ్యనవుతుందా?

అటక మీంచి నాన్నగారి రికార్డుల కట్ట దిగింది. ఘంటసాల, సుశీల, లీల... అట్టలు చివికినా ప్లేట్లు బాగానే ఉన్నాయి. ముచ్చటపడి టర్న్‌టేబుల్ కొన్నారు. స్పీకర్లూ ఉన్నాయి. మధ్యలో ఇంకో చిన్న పెట్టె కావాలంటాడు దుకాణదారు. దాని పేరు ఫోనో ప్రీయాంప్. రెండువేల చుట్టూ ఒకటి, పాతికవేలది ఒకటి, లక్ష దాటింది ఇంకొకటి! ‘తేడా మీ చెవులకే తెలుస్తుంది సార్’ అంటాడు. దసరా ముందు సింగరేణి లాభాల వాటా బ్యాంకులో పడిన వారమైతే ఆ మాట మరీ ఇంపుగా వినిపిస్తుంది. నిజంగానే తెలుస్తుందా?

ముందు ఆ పెట్టె చేసే పనేంటో చూద్దాం. రికార్డు గాడిలో ముల్లు కదిలినప్పుడు పుట్టే కరెంటు మామూలు మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లో ఐదు మిల్లీవోల్టుల లోపే. సీడీ ప్లేయర్ ఇచ్చేది రెండు వోల్టులు. కాబట్టి దాన్ని కనీసం వంద రెట్లు పెంచాలి. అదొక్కటే అయితే ఇంత చర్చ ఉండేది కాదు. రికార్డు కోసేటప్పుడే బేస్‌ని బాగా తగ్గించి, కీచుస్థాయిల్ని పెంచుతారు. లేకపోతే బేస్‌కి గాడి మరీ వెడల్పై ప్లేటు మీద పాటలు పట్టవు. వినేటప్పుడు ఆ లెక్కని తిరగేయాలి... అట్టడుగు బేస్‌ని దాదాపు తొమ్మిది రెట్లు పెంచి, పైస్థాయిని పదోవంతుకి దించాలి. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఖాయం చేసిన ఈ లెక్కనే ‘ఆర్‌ఐఏఏ’ అంటారు.

అసలు కీలకం అక్కడే ఉంది. 1979లో కెనడా శాస్త్రవేత్త స్టాన్లీ లిప్‌షిట్జ్ ఈ సర్క్యూట్ల మీద ఓ పత్రం రాశారు. చాలా ప్రీయాంపుల్లో ఈ దిద్దుబాటు లెక్కే సరిగ్గా లేదని తేల్చారు. లెక్క ఒక డెసిబెల్ అటూ ఇటూ అయినా గొంతు కాస్త మందంగానో, పల్చగానో మారిపోతుంది. అది చెవికి తెలుస్తుంది కూడా. కానీ లెక్క సరిచేయడానికి లక్షలు అక్కర్లేదు. 1970ల చివర్లో వచ్చిన ఎన్‌ఈ5532 అనే చిప్పు స్టూడియో మిక్సర్లలోనూ, ఎన్నో ప్రీయాంపుల్లోనూ కూర్చుంది. ఇప్పుడది పదుల రూపాయల సరుకు. ఖరీదైన పెట్టెలో పెరిగేవాటిలో లోహపు తొడుగు, బరువు, ముందున్న మీటల నునుపు కూడా ఉంటాయి. చూడముచ్చటగా ఉంటాయన్నది వేరే సంగతి!

మరి ‘తేడా వినిపించింది’ అనేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? కాదు. ఒక పెట్టె రెండోదానికంటే రవ్వంత గట్టిగా మోగినా చాలు, మన మెదడు దాన్నే ‘మెరుగ్గా ఉంది’ అనుకుంటుంది. ధర తెలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. 2022లో అమెరికాలో జరిగింది చూడండి. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ మేలిరకం రికార్డులకు పేరు. మాస్టర్ టేపు నుంచి నేరుగా, డిజిటల్ తగలకుండా వస్తున్నాయని అభిమానులు మురిసిపోయేవారు. తీరాచూస్తే 2011 నుంచీ వాటిలో చాలావాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఉంది. ఆ సంగతి పట్టుకున్నది చెవులు కాదు... ఓ రికార్డుల దుకాణం యజమాని వీడియోలో బయటపెడితే, ఆ తర్వాత కంపెనీ ఇంజినీర్లే ఒప్పుకున్నారు!

ఇంట్లోనే పరీక్ష పెట్టుకోవచ్చు. ఎవరిదైనా ఖరీదైన పెట్టె ఓ ఆదివారం అడిగి తెచ్చుకోండి. రెండింటి శబ్దం మీటరుతో సమానం చేయండి. మీ అబ్బాయిని మీ వెనక నిలబెట్టి, బొమ్మా బొరుసూ వేసి మార్చమనండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏది ఏదో చెప్పగలిగితే తేడా ఉన్నట్టే. ఊరికే ఊహించి అన్ని చెప్పడం వందలో ఒకసారే కుదురుతుంది. ఐదో ఆరో వస్తే డబ్బు జేబులోనే ఉంచండి.

నల్లదుమ్ముదే అసలు పాట

గోదావరిఖనిలో ఈ లెక్క ఇంకాస్త మారుతుంది. ఓపెన్‌కాస్ట్ పక్క కాలనీల్లో పొద్దున తుడిచిన అరుగు సాయంత్రానికి నల్లబడుతుంది. ఆ దుమ్ము రికార్డుని వదులుతుందా? కొత్త ఎల్పీలోనే గాడి రాపిడి సొద, పాట గరిష్ఠ స్థాయికి దాదాపు 60 డెసిబెళ్ల కింద ఉంటుంది. సరిగ్గా తయారైన చవక ప్రీయాంపు సొద అంతకంటే కిందే. పాత ప్లేటులో గాడి నిండా బొగ్గు పొడి ఉంటే ఇక ఏ పెట్టె పెట్టినా వినిపించేది ఆ చిటపటలే. దానికి మందు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్షు. గాడి తిరిగే దారిలోనే తుడవాలి, మధ్య కాగితం తడవనివ్వకూడదు. వాడనప్పుడు మూత, అట్ట తప్పనిసరి.

తర్వాతది ముల్లు. వజ్రపు ముల్లు కూడా 500 నుంచి 1000 గంటలకు అరిగిపోతుంది. అరిగిన ముల్లు పాటని పాడుచేయడమే కాదు, గాడినే చెక్కేస్తుంది. ఎన్నేళ్లు తిరిగిందో ఎవరికీ తెలియని ముల్లుతో అమ్మకిష్టమైన రికార్డు వేయడం కంటే దండగ పని లేదు.

‘గుయ్’మనే హమ్ వస్తోందా? మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. 2600 మెగావాట్ల ఎన్టీపీసీ ప్లాంటు పక్కనే ఉన్నా, ఢిల్లీలో ఉన్నా ఆ గుయ్‌మనడం ఒక్కటే. ముందు టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి ఎర్త్ తీగ ప్రీయాంపు స్క్రూకి బిగించారో లేదో చూడండి. చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

పాత పోర్టబుల్ పెట్టెలున్నవారికి ఇంకో మాట. అలాంటి వాటిలో ఎక్కువగా ఉండేది సిరామిక్ లేదా క్రిస్టల్ కార్ట్రిడ్జ్. అది వందల మిల్లీవోల్టులు ఇస్తుంది. దానికి ఫోనో ప్రీయాంపే అక్కర్లేదు, పెడితే పాట చెడుతుంది. ఇప్పుడొచ్చే సూట్‌కేసు ప్లేయర్లలో ప్రీయాంపు లోపలే ఉంటుంది.

నాన్న చెవి

ఇక అసలు వినేవారి సంగతి. డ్రిల్లు, హాలేజి, కోల్‌కట్టర్ల మధ్య పాతికేళ్లు షిఫ్టులు చేసిన చెవికి ముందు దెబ్బ తగిలేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల. పాటలో స, ష, త లాంటి అక్షరాల పదును, తాళాల మెరుపు ఉండేది ఆ ప్రాంతంలోనే. దానికితోడు అరవై దాటితే పైస్థాయిలు ఎవరికైనా తగ్గుతాయి. ‘పాట మునుపటిలా లేదురా’ అని నాన్న అన్నారంటే తప్పు పెట్టెది కాకపోవచ్చు. చెవి డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ తీయించండి. ఆ తర్వాత యాంప్లిఫయర్ ట్రెబుల్ మీటని కాస్త పైకి తిప్పి చూడండి. పాతికవేల పెట్టె చేయలేనిది ఆ మీట చేయవచ్చు. అవసరమైతే ఆ డబ్బు వినికిడి యంత్రానికి పెట్టడం మేలు.

ఖరీదు పెట్టాల్సిన సందర్భాలు లేకపోలేదు. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది అర మిల్లీవోల్టు కూడా ఉండదు. వెయ్యి రెట్లు పెంచాలి. అక్కడ నాసి ప్రీయాంపు ‘బుస్’మనడం గది చివరికీ వినిపిస్తుంది. కానీ ఆ కార్ట్రిడ్జ్ కొనేవారు మనలో ఎందరు?

మన రికార్డులకు పనికొచ్చే సదుపాయం వేరే ఉంది... మోనో మీట. ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు మోనోవే. మోనో గాడిలో పాట అడ్డంగా మాత్రమే ఉంటుంది. స్టీరియో ముల్లు నిలువు కదలికల్నీ పట్టి, దుమ్ము, గీతల సొదని అదనంగా వినిపిస్తుంది. రెండు చానళ్లూ కలిపితే ఆ నిలువు సొద చాలావరకు రద్దయిపోతుంది. గొంతు ఒక్కసారిగా తేటపడుతుంది. ఈ మీట కొన్ని మధ్యరకం ప్రీయాంపుల్లోనే ఉంటుంది, కొన్ని యాంప్లిఫయర్లలోనూ ఉంటుంది. వెనక్కి తిరిగి చూడండి, మీ దాంట్లో ఉందేమో.

కట్టలో 78 వేగం ప్లేట్లు కనిపిస్తే మాత్రం తొందరపడొద్దు. అవి లక్కవి. వాటి గాడి వెడల్పు, వాటికి ముల్లు వేరు. చాలావాటికి ఆర్‌ఐఏఏ లెక్క కూడా సరిపోదు. స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగిపోతుంది. ఎల్పీ ముల్లుతో వాటిని వేయకండి.